ముప్పైలో తొంభై

"ఉన్నదే ముప్పై మంది. తొంభై మంది ఎలా తప్పుతారయ్యా?"

లెక్కల టీచరు తడిసిన గొడుగు మడవకుండానే కంప్యూటర్ గదిలోకి వచ్చిపడింది. స్కూలు వెబ్‌సైట్ తయారుచేసిన ప్రోగ్రామరు చటుక్కున లేచి నిలబడ్డాడు. చేతులు కూడా కట్టుకున్నాడు.

తెర మీద ఆవిడ క్లాసు పేజీ ఉంది. మొత్తం పిల్లలు: 30. లెక్కల్లో తప్పినవాళ్లు: 90.

పదకొండింటికి కమిటీ ఈ పేజీ చూసే ఆవిణ్ణి హెడ్మిస్ట్రెస్‌ని చెయ్యాలో వద్దో తేలుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆవిడ ప్రాణమంతా ఆ కుర్చీ మీదే ఉంది. అప్పటికే పదిన్నర దాటింది.

"నీకు లెక్కలు చెప్పిన మహానుభావులెవరు నాయనా? వాళ్లకో దణ్ణం పెట్టాలి!"

అతను వినబడనట్టు కీబోర్డు మీదికి వంగిపోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఐదు నిమిషాల్లో దొంగ దొరికాడు.

"పొరపాటు నాదే మేడమ్. పిల్లల జాబితాకి ఫోన్ నంబర్ల జాబితా ముడిపెట్టాను. ఒక్కొక్కరికీ మూడేసి నంబర్లు. అమ్మది, నాన్నది, పక్కింటివాళ్లది. నంబరుకోసారి చొప్పున ఒకే పిల్లాణ్ణి మూడుసార్లు లెక్కేసింది. మొత్తం పిల్లల దగ్గర 'ఒకరిని ఒక్కసారే' అని రాశాను. తప్పినవాళ్ల దగ్గర మర్చిపోయాను."

"రెండో తరగతి పిల్లాడు నయం నీకంటే! ముందు దిద్దు."

దిద్దాడు. పేజీ మళ్లీ తెరుచుకుంది.

మొత్తం పిల్లలు: 30. తప్పినవాళ్లు: 30.

టీచరు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ముప్పై ముప్పైలాగే ఉంది. పాపం, ఆవిడ దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడింది.

"బాబూ," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఆ తొంభైయే ఉంచెయ్. తొంభై చూస్తే కంప్యూటరుకి లెక్కలు రావంటారు. ముప్పై చూస్తే నాకు రావంటారు."

"నన్ను తిడతారు కదా మేడమ్?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను చూడలేకపోయాడు.

"సరే లెండి. లెక్కల్లో తిట్లు నాకు అలవాటే," అని తొంభై మళ్లీ పెట్టేశాడు.

"ముక్కూ మొహం తెలియనిదాన్ని, నాకోసం నింద నెత్తినేసుకున్నావు. నీ మేలు మర్చిపోను నాయనా," అంటూ టీచరు గొడుగు తీసుకుని కమిటీ గదివైపు పరుగెత్తింది.

తన పదో తరగతి మార్కుల కార్డులో, లెక్కలకి ఎదురుగా ఉన్న తొమ్మిది మార్కుల పక్కన, ఆవిడ సంతకం ఇంకా చెక్కుచెదరలేదని మాత్రం అతను చెప్పలేదు.