ఏమండీ అన్న గొంతు

చాక్‌తో గీసిన వలయం మధ్యలో ఒక్కణ్ణే కూర్చున్నాను. గుడ్డ మీద గీసే చాకే అది, నేను టైలర్ని. ఈ మంత్రవిద్యలో నాకు గురువు లేడు, పాత పుస్తకమే దిక్కు. అందులోని మంత్రం మూడోసారి చదవగానే గది చల్లబడిపోయింది.

పుస్తకం ముందే హెచ్చరించింది: "వచ్చేది నీవాళ్ళ గొంతుతో పిలుస్తుంది. గీత దాటావో, అయిపోయావు."

తలుపు చప్పుడైంది. "ఏమండీ, కాస్త తలుపు తీస్తారా?"

గొంతు మా ఆవిడదే. కానీ పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను 'ఏమండీ' అన్న పాపాన పోలేదు. ఇంట్లో నేను 'ఏవోయ్ టైలరూ'నే.

"ఫో! నువ్వెవరో నాకు తెలుసు!" అని అరిచాను.

బయట గొణుగుడు వినిపించింది. "చూశావా అమ్మా, నువ్వొచ్చావని ఎంత మర్యాదగా పిలిచానో! దానికీ అరుపులే."

వెంటనే మా అత్తగారి దగ్గు. ప్రాణం లేచొచ్చింది. తల్లి పక్కనుండబట్టా ఆ మర్యాద! నవ్వుకుంటూ లేచాను.

నా చెవి పక్కనే, గీత లోపలే, మా ఆవిడ గొంతు చల్లగా అంది:

"కూర్చోవోయ్, టైలరూ."