బిళ్లల సందుల్లో గంగవాయిలి

గేటు దగ్గర గంగవాయిలి కూర లేదు.

పొద్దున ఆరింటికి దశరథం గడ్డిమందు కొట్టినప్పుడు, వాకిట్లో పరిచిన సిమెంటు బిళ్లల సందుల నిండా అది ఉంది. స్నానం చేసి, బజారుకు పోయి వచ్చేసరికి పదకొండున్నర. గరిక అలాగే ఉంది. తుంగ అలాగే ఉంది. గంగవాయిలి ఒక్కటే మాయం. మేక పని కాదు, మేకయితే గరికను మాత్రం ఎందుకు వదులుతుంది? ఇది కూర తెలిసిన మనిషి పని.

ఆ సందులతో దశరథం చేయని యుద్ధం లేదు. ఉప్పు పోశాడు. మసిలే నీళ్లు పోశాడు. సిమెంటు పూశాడు. బెల్లంపల్లిలో రెండు వానలు పడితే చాలు, అంతా మళ్లీ పచ్చగా లేచి కూర్చునేది. చివరికి విసిగిపోయి మందు తెచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. తన వాకిలి, తన గడ్డి, ఎవరికి చెప్పాలి?

అంతలో పక్కింట్లోంచి పప్పు తాలింపు వాసన వచ్చింది.

పక్కిల్లు, అందరూ ఖాలా అని పిలిచే సుల్తాన్ బీది. గంగవాయిలి ఎవరి వాకిట్లో మొలిచినా తెంపుకుపోవడం ఆ వాడకట్టులో అందరికీ అలవాటే. కానీ మొన్న శుక్రవారం దశరథం గొడవ పెట్టుకున్నది మాత్రం ఆమెతోనే. "ఇంకోపాలి మా గేట్ల అడుగు పెడితే మంచిగుండది" అని నలుగురూ వినేటట్టు అరిచాడు. ఇప్పుడు పోయి మందు కొట్టానంటే, కావాలనే కొట్టాడంటారు. ఠాణా దాకా పోతుంది. చెప్పకపోతే? ఆ ఇంట్లో ఉన్నది ముసలామె, ఎనిమిదేళ్ల మనవరాలు లైబా.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

లైబా చాప మీద కూర్చుని ఉంది. సుల్తాన్ బీ మనవరాలి పళ్లెంలో అన్నం మీద పప్పు పోస్తోంది. పప్పు నిండా గంగవాయిలి ఆకు.

"ఖాలా, జర ఆగు!"

"ఏంది దశరథం? మీ గేటుకు మేం రావద్దు గని, మా ఇంట్లకు నువ్వు రావచ్చునా?"

"గది కాదు ఖాలా. గా పప్పు తినకుండ్రి. మా వాకిట్ల కుక్కలు తిరుగుతయి. కూరంత పాడు చేసినయి."

"కూరంటే కడుగకుండనే వండుతమా?"

లైబా ఒక బుక్క కలిపి నోట్లో పెట్టుకుంది. దశరథం ఆ పిల్ల గొంతు వైపే చూశాడు. మింగింది.

"కూర మా వాకిట్లదే గద ఖాలా?"

"గంగవాయిలి యాడ మొలిచినా గంగవాయిలే. ఏం, దానికి గిట్ల నీ పేరు రాసి పెట్టినవా?"

దశరథం చెప్పెయ్యాలనుకున్నాడు. నోరు తెరిచాడు. నోట్లోంచి ఇంకో అబద్ధం వచ్చింది.

"మొక్కున్నది ఖాలా. కొండగట్టు అంజన్నకు మొక్కినం. మా వాకిట్ల మొలిచింది బయటోళ్లు తినద్దు."

"అంజన్నకు ఇంకేం పని లేదా, మా పళ్లెంల కూర చూసుకుంట కూసుంటడా?"

"దాదీ, ఇంకింత పప్పు" అంది లైబా, రెండో బుక్క నములుతూ.

దశరథం కాలు ఒకచోట నిలవడం లేదు. గుమ్మం దాకా పోయాడు, మళ్లీ వచ్చాడు. ఎవరన్నా వస్తే బాగుండుననుకున్నాడు, ఎవరూ రాకపోతే బాగుండుననీ అనుకున్నాడు. పిరికితనానికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మూడో సాకు కూడా వచ్చేసింది.

"నేను బిర్యానీ తెప్పిస్త ఖాలా. ఇప్పుడే, హోటల్ నుంచి. గది పారబొయ్యి."

లైబా చెయ్యి ఆగింది. "మటనా, చికెనా?"

"మటనే బిడ్డా, మటనే! చెయ్యి కడుక్కో!"

"ముందుగల్ల పళ్లెంల ఉన్నది తిను" అంది సుల్తాన్ బీ.

పిల్ల బుద్ధిగా మూడో బుక్క పెట్టుకుంది. దవడలు కదులుతున్నాయి. ఇక దశరథం వల్ల కాలేదు. ఒక్క దూకు దూకి పళ్లేన్ని చేత్తో కొట్టాడు. అది గోడకు తగిలి గల్లున పడింది.

"గడ్డిమందు! కూర మీద గడ్డిమందు కొట్టిన ఖాలా! కక్కించు! నేను ఆటో పిలుస్త, దవాఖానకు పోదాం. నన్ను జైల్ల ఏపియ్యి, ఏమన్న చెయ్యి, పొల్ల బతకాలె!"

మోకాళ్ల మీద కూలబడి లైబా నోట్లో వేలు పెట్టబోయాడు. పిల్ల బెదిరిపోయి ఏడుపు లంకించుకుంది. సుల్తాన్ బీ అతని చెయ్యి పక్కకు నెట్టి, మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది.

"ఏడువకు బిడ్డా, ఏం గాలే. ఇది నిన్న అంగట్ల కొన్న కూర."

దశరథం అలాగే నేల మీద ఉండిపోయాడు. "మరి... మా కూర?"

"పొద్దుగాల నువ్వు పంపు భుజానేసుకొని కొట్టంగ గోడ మీది నుంచి చూసిన. వాడకట్టోళ్లు ఎవ్వరన్న తెంపుకపోయి వండుకుంటరని, చేతులకు కవర్లు చుట్టుకొని నేనే పీకిన. సంచిల మూట గట్టి చెత్త బండిల ఏసిన."

"ఖాలా..."

"మందు కొట్టంగనే వాడకట్టుకు చెప్తవనుకున్న. చెప్పలే. మా ఇంట్లకు ఉరికొచ్చినంకనన్న చెప్తవనుకున్న."

సుల్తాన్ బీ ఒంగి, చెల్లాచెదురైన మెతుకులు ఒక్కొక్కటే ఏరసాగింది. అతని మొహం చూడకుండానే అంది:

"మూడు బుక్కలు పట్టింది నీకు."