కుందేలాట

గేటు అవతల మళ్ళీ ఆ గళ్ళ గొడుగు కనిపించేసరికి నర్సు గుండె జారిపోయింది.

గొడుగు కింద ఉన్నావిడ వాచ్‌మన్‌ని ఏదో అడుగుతోంది. వారం రోజులుగా ఇదే వరస. నర్సు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కిటికీ పక్కకి తప్పుకుంది.

అది దెబ్బలు తగిలిన అడవి జంతువులను బాగుచేసే ఆసుపత్రి. బల్లమీద చెప్పుల పెట్టె, అందులో పిడికెడు కుందేలు పిల్ల. తెచ్చిన దంపతులు గుమ్మంలోనే ఉన్నారు.

"గడ్డిలో ఒక్కతే పడుందండీ. తల్లి వదిలేసి పోయినట్టుంది."

"వదిలెయ్యదండీ," అంది నర్సు. "పక్కనే కూర్చుంటే తన వాసన పట్టుకుని నక్క వస్తుందని దూరంగా ఉంటుంది. పొద్దుగూకాక వచ్చి పాలిచ్చి పోతుంది. దొరికిన చోటే పెట్టేయండి."

"ప్రేమున్న తల్లయితే అలా పోతుందా?" అన్నాడు భర్త. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పిల్లను బల్లమీదే వదిలి వెళ్ళిపోయారు.

సాయంత్రం నర్సు తిన్నగా ఇంటికి పోలేదు. కుందేలు కూడా పోదు. వచ్చిన దారినే వెనక్కి నడిచి, పక్కకి ఒక్క గెంతు గెంతి జాడ తెంపేస్తుంది. నర్సు ఒక స్టాపు దాటాక బస్సు దిగి, వెనక్కి నడిచి, లాండ్రీ పక్క సందులోకి చటుక్కున తిరిగింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కింది.

నాలుగేళ్ళ పిల్ల మంచం కిందే ఉంది.

"కదిలావా?"

"ఊహూ."

"కిటికీ దగ్గరికి?"

"వెళ్ళలేదు. ఈ కుందేలాట ఎప్పుడైపోతుంది?"

"నక్క వెళ్ళిపోగానే, బంగారం."

నర్సు పిల్లను గుండెలకు హత్తుకుంది. ఈ పిల్ల వచ్చాకే ఆ గదికి ఇంటి కళ వచ్చింది. ఎవరైనా తీసుకుపోతే తను బతకలేదు. అదొక్కటే ఆమె భయం.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

నర్సు గడియ వేసి, లైటు ఆర్పేసి, పిల్లను ఒళ్ళో అదుముకుని గోడవార నక్కింది. అడుగులు గుమ్మం ముందు ఆగాయి, గొడుగు ముడిచిన చప్పుడైంది. తలుపు మీద చిన్నగా చప్పుడు. ఊపిరి శబ్దం కూడా బయటికి వినిపిస్తుందేమోనని నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పండూ..." అని పిలిచింది బయటి నుంచి ఒక బొంగురు గొంతు.

పొద్దుట్నుంచీ కదలని పిల్ల ఒక్క ఉదుటున ఆమె చేతుల్లోంచి జారి, "అమ్మా, నేనిక్కడున్నా!" అంటూ తలుపుకేసి పరుగెత్తింది.