ఐదో పేరు

"రేపు ఫైనల్లో మొదటి ఐదుగురిలో రవాద్ లేకపోతే, కప్పు బేరూత్ వాళ్ల బస్సెక్కినట్టే కోచ్," అన్నాడు వాహే.

బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన బట్టలు మార్చుకునే గదిలో ఉన్నవాళ్లంతా అతని వంక వింతగా చూశారు. కోచ్ అబూ లైత్ చేతిలోని కాగితం మీద నాలుగు పేర్లున్నాయి. ఐదో పేరు కోసం పోటీ పడుతున్నది రవాద్, ఈ వాహేనే. సీజనంతా ఒకరికొకరు తిన్నగా బంతి అందించుకున్న పాపాన పోలేదు. అలాంటిది ఇవాళ వాహే పోటీదారుణ్ని నెత్తికెత్తుకుంటున్నాడు.

"వాడి గొప్పేంటో చెప్పు," అన్నాడు కోచ్.

"మూల నుంచి వాడు విసిరాడంటే మూడు పాయింట్లు రాసేసుకోవచ్చు. నేను తలకిందులుగా తపస్సు చేసినా అలా వేయలేను."

"మరి నీ సంగతి?"

"నాదేముంది కోచ్. పరుగెత్తుతాను, అవతలివాణ్ని ఆపుతాను, బంతి లాక్కొస్తాను. అంతే."

మూడు గుణాలూ చెప్పుకున్నాక గానీ వినయంగా తల దించుకోలేదు వాహే.

రవాద్ బూట్ల తాళ్లు కట్టుకుంటూ, "వాహే కూడా మంచి ఆటగాడే. మీ ఇష్టం కోచ్," అని ఊరుకున్నాడు. మేనమామ క్లబ్బుకి అధ్యక్షుడు, వీడికేం బెంగ, అనుకున్నాడు వాహే.

అప్పుడు కెప్టెన్ గస్సాన్ లేచాడు. కాగితం మీద మొదటి పేరు అతనిదే.

"షాట్లూ పరుగులూ ఎవడైనా నేర్చుకుంటాడు కోచ్. జట్టన్నాక మనసులు కలవాలి. ఒకడి బుర్రలో ఏముందో ఇంకొకడికి అడక్కుండా తెలిసిపోవాలి. అలాంటి ఇద్దర్ని చూపించండి, నా చోటు వాళ్లకిచ్చి నేను బెంచి మీద కూర్చుంటాను. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మగారి మీద నెలకో ఒట్టు పడుతోంది అన్నా," అన్నాడు రవాద్. అందరూ నవ్వారు. కోచ్ నవ్వలేదు.

వాహే ధీమాకి కారణం వేరే ఉంది. వాళ్ల ఊరు జహ్లేలో బడిలో సీటు కావాలన్నా, ఆసుపత్రిలో మంచం కావాలన్నా ఎవరో ఒక పెద్దమనిషి చేత ఫోన్ చేయించాల్సిందే. అబూ లైత్‌కి మాత్రం సిఫారసు పేరెత్తితే ఒళ్లుమంట. ఎవడి కోసం ఫోన్ వస్తే ఆ ఆటలో వాణ్ని బెంచికి అతికించేస్తాడు. ఫోన్ చేసిన పెద్దమనిషిని బేక్ అని గౌరవంగా పిలిచి, "మీ మాట కాదంటానా బేక్, ఏం చేస్తాం, కుర్రాడికి కాలు బెణికింది," అని చెప్తాడు. ఈ గుట్టు ఆటగాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

వాహేది మంగలి పని. మొన్న మేయరుగారికి గడ్డం గీస్తూ, కత్తి సరిగ్గా గొంతు దగ్గరికి వచ్చినప్పుడు, "మా రవాద్ కోసం కోచ్‌కి ఓ మాట చెప్పండి బేక్," అన్నాడు. గొంతు మీద కత్తి ఉండగా తల అడ్డంగా ఊపే మేయరు ఇంకా పుట్టలేదు.

ఆ ధైర్యంతోనే తన షాపులో అద్దె టీవీ పెట్టించి, ఆట మొదలయ్యే వేళకు వచ్చి చూడమని వీధంతటికీ చెప్పాడు. ఏడేళ్లుగా బెంచి అరగదీస్తున్నాడు. రేపైనా మొదటి బంతి గాల్లోకి లేచేటప్పుడు కోర్టులో ఉండాలి. లేకపోతే సోమవారం నుంచి ఆ వీధిలో తలెత్తుకోలేడు.

"ఇక నేను చెప్తాను వినండి," అన్నాడు కోచ్. "నిన్న మేయరుగారు ఫోన్ చేశారు. రవాద్‌ని ఆడించమని."

అంతలో కరెంటు పోయింది. జనరేటరు అందుకోవాలంటే పది లెక్కపెట్టాలి. రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ కదల్లేదు. చీకట్లో వాహే మనసారా నవ్వుకున్నాడు.

చీకట్లోనే మళ్లీ కోచ్ గొంతు వినపడింది. "మన అధ్యక్షుడూ చేశాడు. మేనల్లుడి కోసం కాదు. వాహేని ఆడించమని."

లైట్లు వెలిగాయి. వాహే నోరు తెరిచే ఉంది. ఎదురుగా రవాద్ తన నవ్వుని దాచుకోలేక తంటాలు పడుతున్నాడు.

"మీకు బాస్కెట్‌బాల్ మీద ఇంత ప్రేమ ఎప్పట్నించని మేయరుగారిని అడిగాను," అన్నాడు కోచ్. "మా మంగలి చెప్పాడయ్యా అన్నారు. అధ్యక్షుణ్నీ అడిగాను. పోటీలో ఉన్నవాడి కోసం సిఫారసు చెయ్యమన్నాడు, మా మేనల్లుడిది వెన్నలాంటి మనసు అన్నాడు."

ఈసారి రవాద్ నవ్వు కూడా ఎగిరిపోయింది.

"నాకేం తెలీదు కోచ్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇద్దరి కోసమూ ఫోన్లు వచ్చాయి. పద్ధతి ప్రకారం ఇద్దరూ బెంచి మీదే."

వాహేకి షాపులో అద్దె టీవీ కళ్ల ముందు మెదిలింది. ఏడుపొచ్చినంత పనైంది. రవాద్ వంక కోపంగా చూశాడు. సరిగ్గా అప్పుడే రవాద్ కూడా అతని వంక అంతే కోపంగా చూశాడు. ఏమైందో గానీ ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆపుకుందామని ఇద్దరూ ఒకేలా గోడవైపు తిరిగారు.

కోచ్ వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఒకే రోజు, ఒకే పన్నాగం, ఒకడికొకడు చెప్పుకోకుండా," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా ఇలాంటి జంట కోసమే వెతుకుతున్నాను. బేరూత్ వాళ్లకు ఇలాంటి దొంగలు దొరకరు. ఈ ఒక్కసారికి పద్ధతి పక్కన పెడదాం."

కాగితం మోకాలి మీద పెట్టుకుని కింద రెండు పేర్లూ రాశాడు. వాహే ఆ రాతని తల వంచి మరీ చదువుకున్నాడు. తన పేరే.

గస్సాన్ వేళ్లమీద లెక్కపెట్టి, "ఆరుగురయ్యారు కోచ్," అన్నాడు.

"అవలేదు హబీబీ," అంటూ కోచ్ మొదటి పేరు కొట్టేశాడు. "మీ అమ్మ మీద ఒట్టేశావుగా."