హాల్లో ఒక్కరే

మ్యాట్నీకి ఒక్కటే టికెట్టు తెగింది. తెరమీద వేరే గ్రహంలో చిక్కుకుపోయిన హీరో ఆకలికి అలమటిస్తుంటే, హాల్లో ఒక పెద్దావిడ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఊరుకోండమ్మా, చివర్లో రాకెట్టొచ్చి తీసుకెళ్తుంది" అన్నాడు గేట్‌కీపర్.

"వాడికేం, మా అబ్బాయే! పొద్దున మళ్లీమళ్లీ వడ్డించుకుని తిన్నాడు. జనాన్ని చూద్దామని సాయంత్రం ఆటకొస్తున్నాడు నాయనా!" అంటూ ఖాళీ కుర్చీలు చూపించిందావిడ.

సాయంత్రం గేట్‌కీపర్ క్యాంటీన్ వాళ్లను, పార్కింగ్ వాళ్లను, తన అత్తగారి తరఫు చుట్టాలనూ తెచ్చి కూర్చోబెట్టాడు. తెరమీద హీరో తుమ్మినా ఈలలే.

ఆట వదిలాక తల్లితో బయటికొచ్చిన అబ్బాయి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "రేపు మా డైరెక్టర్ని తీసుకొస్తా. రెండు సీట్లు దొరుకుతాయా?"

గేట్‌కీపర్ ఆ తల్లి వంక చూసి తల గోక్కున్నాడు.

"కష్టమే బాబూ!"