గెలిచిన స్కిమ్మర్

"స్కిమ్మర్ లేని ట్యాంకు బ్రేకు లేని బండి!" అన్నాడు భాస్కరరావు.

"ఆ బండే మూడు నెల్లు నడిచింది కదా అంకుల్. ఒక్క చేప కూడా పట్టాలు తప్పలేదు," అంది మైత్రి. అసిస్టెంట్ లోకో పైలట్. డ్యూటీ దిగి యూనిఫారంతోనే ఆయనింటికి వచ్చేసింది. ఒక చేతిలో తన ట్యాంకులోంచి తెచ్చిన నీళ్ల సీసా, మరో చేతిలో మూత బిగించిన డబ్బా.

సముద్రం మొహం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవలసిన బిలాస్‌పూర్‌లో ఉప్పునీళ్ల ట్యాంకులు పెట్టి, అందులో పగడాలు పెంచుతున్నది వీళ్లిద్దరే. స్కిమ్మర్ ఉండి తీరాలని ఆయన, అక్కర్లేదని ఈవిడ. ఉప్పునీటిని బుడగలుగా చిలికి, మురికిని నురగతో సహా పైకి తెచ్చి కప్పులో పడేసే యంత్రం అది. మూడు నెలల తరవాత ఎవరి నీళ్లు శుభ్రంగా ఉంటే వాళ్లు గెలిచినట్టని పందెం. ఓడితే మైత్రి తన ఆకుపచ్చ పగడం ఇచ్చెయ్యాలి. భాస్కరరావు ఓడితే, విశాఖ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న నారింజరంగు చేపల జంటని ఇచ్చెయ్యాలి.

ఆ గడువు ఇవాళే.

"ఇద్దరూ నోరు మూసుకోండి. పరీక్ష చేసేది నాను," అన్నాడు అప్పలస్వామి. రిటైరైన రైల్వే గార్డు. ముప్పై ఏళ్లు ఎర్రా పచ్చా దీపాలు చూసిన కళ్లు కదా అని ఆయన్ని తీర్పరిగా పెట్టుకున్నారు. రెండు గాజు గొట్టాల్లో రెండు ట్యాంకుల నీళ్లూ పోసి, మందు చుక్కలు లెక్కపెట్టి వేశాడు. "గులాబీరంగు ఎంత ముదిరితే అంత మురికన్న మాట. అయిదు నిమిషాలు. ఎవరూ కదలొద్దు."

భాస్కరరావు కదలకుండా ఉండలేకపోయాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. చేపలు రెండూ అద్దం దగ్గరికి వచ్చి ఆయన వేలి వెంట తిరిగాయి. వీటిని ఇచ్చెయ్యడమే?

కిందికి చూస్తే ట్యాంకు స్టాండు మీద చీమల బారు.

"హైమా! మళ్లీ చీమలు! మందు చల్లమన్నానా లేదా?"

ఆయన భార్య హైమావతి గబగబా వచ్చి గుడ్డతో తుడిచేసింది. స్టాండు తలుపు తీసి లోపలున్న స్కిమ్మర్ చూసే పని ఎప్పుడూ ఆవిడదే. భాస్కరరావుకి మోకాళ్లు వంగవు. రోజూ పొద్దున్నే ఆయన లాల్ చాయ్, అంటే పాలు పొయ్యని అల్లం టీ, తాగుతుంటే ఆవిడ స్కిమ్మర్ కప్పు తెచ్చి, దూరం నుంచి చూపిస్తుంది. దగ్గరికి రానివ్వదు, కంపంటుంది. గోధుమరంగు మురికి అంచుదాకా కనిపిస్తే ఆయనకి ఆ రోజంతా హుషారే. ఆదివారం ఆదివారం రెండు బకెట్ల ఉప్పునీళ్లు కలిపి మార్చేదీ ఆవిడే. అవన్నీ చిల్లర పనులని ఆయన లెక్క. అసలు పని స్కిమ్మర్‌ది.

"టైమైంది!" అన్నాడు అప్పలస్వామి.

గొట్టాలు రెండూ కిటికీ వెలుతురుకి ఎత్తాడు. మైత్రి గొట్టంలో లేత గులాబీరంగు. భాస్కరరావు గొట్టంలో ఏమీ లేదు. మంచినీళ్లలా తేటగా ఉంది.

"భాస్కరరావు గారి లైను క్లియర్!"

"గెలిచాను! గెలిచాను!" భాస్కరరావు వంగని మోకాళ్లతోనే ఒక్క ఎగురు ఎగిరాడు.

"అరే యార్!" మైత్రి తల పట్టుకుంది. "రెండు వారాలు వరసగా డ్యూటీలే. నీళ్లు మార్చలేదు నాను."

"సాకులు చెప్పకు తల్లీ! పగడం ఇలా తే!"

మైత్రి డబ్బా మూత తీసింది. ఆకుపచ్చ పగడం ట్యాంకులోకి దిగింది. చేపలు రెండూ దాని చుట్టూ ఒక చుట్టు చుట్టాయి. భాస్కరరావుకి నేల మీద కాలు నిలవడం లేదు.

"మూడు నెలల మురికి ఎక్కడికి పోయిందనుకున్నావు? అంతా నా స్కిమ్మర్ తాగేసింది! హైమా, ఆ కప్పు తే. ఈ పిల్ల కళ్లారా చూడాలి."

"ఇప్పుడెందుకండీ అదీ..."

"తే అంటుంటే! పొద్దున చూపించావు కదా, నిండుగా ఉంది."

హైమావతి కదల్లేదు. అప్పలస్వామే వంగి, తలుపు తీసి, కప్పు ఊడదీసి ఇచ్చాడు. భాస్కరరావు దాన్ని గెలిచిన కప్పులాగే తల మీదికి ఎత్తి పట్టుకుని, తరవాత మైత్రి ముందుకు తోశాడు.

"చూడు! మురికి! ముక్కు మూసుకుని చూడు!"

మైత్రి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని తొంగి చూసింది. కప్పు అంచున రెండు చీమలు. రుమాలు మెల్లగా తీసింది. ఒకసారి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"అంకుల్, ఇందులో అల్లం వాసనొస్తందేటి?"

అందరూ హైమావతి వైపు తిరిగారు. ఆవిడ గుడ్డని చేతుల్లో నలిపింది.

"పందెం కాసిన మర్నాడే దాని మోటారు కాలిపోయిందండీ. చెబితే మీ ప్రాణం ఉసూరుమంటుందని, రోజూ మీకివ్వగా మిగిలిన లాల్ చాయ్ అందులో పోస్తున్నాను."