ఉయ్యాల ముడి

"ఇంకో చుట్టు. బిగించి లాగవే. ఆఁ... తెగేలా కాదు!"

"అంత తెలిస్తే మీరే చుట్టుకోరాదూ?" అంది ఆమె. కాలితో ఉయ్యాల తాడు లాగుతూనే, మోటారు లోపల గిర్రున తిరిగే బొటనవేలంత ఆర్మేచరుకి రాగితీగ చుడుతోంది.

"నా వేళ్లు అరటిపళ్లు. నీవి సూదులు," అన్నాడు భర్త.

రిమోట్ కారు మోటారు విప్పడం, మాడిన తీగ పీకడం, అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చడం, మళ్లీ చుట్టడం. ఆదివారం పందెం ముందు ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండే భాగోతమే. ఈసారే ఆమె గుండెల్లో రాయి పడింది. పొద్దున పళ్లు తోముకుంటూ ఆయనన్న మాట అలాంటిది. "పక్కింటాయన్ని ఓడించానా, సోమవారమే ఉద్యోగానికి దండం పెట్టేస్తా. మోటార్లు చుట్టే కొట్టు పెడతా!"

ఇంకా పళ్లైనా రాని పిల్ల ఇంట్లో ఉంటే, కొట్టట కొట్టు!

"మరి ఓడిపోతే?" అని అడిగింది.

"మారు మాట్లాడకుండా ఆఫీసుకెళ్తా. పాప మీద ఒట్టు."

ఒక్క చుట్టు అడ్డదిడ్డంగా పడితే చాలు, బండి నత్తకి తమ్ముడైపోతుంది. ఆ బుద్ధి పుట్టకపోలేదు. చేతులే ఒప్పుకోలేదు. నమ్మి ఇచ్చిన పని చెడగొట్టడమా?

"ఒక్క చుట్టు తగ్గిద్దామా? ఇంకా జోరుగా పోతుందేమో."

"వద్దొద్దు, కాలి కూర్చుంటుంది."

ఆయన చెప్పినట్టే చుట్టి, తీగ జారకుండా చివర దారంతో ముడేసింది.

"ఇదేం ముడే బాబూ? ఉయ్యాలకేసేది మోటారుకేస్తావా?"

"నాకొచ్చింది ఇదొక్కటే. మీ కూతురు అంత గింజుకుంటోంది కదా, ఎప్పుడైనా ఊడిందా?"

తలుపు చప్పుడైంది. పక్కింటావిడ, చేతిలో మూత గిన్నె. భర్త చటుక్కున మోటారు మీద తువ్వాలు కప్పాడు.

"ఎన్ని చుట్లో కనుక్కుని రమ్మన్నాడా వదినా, అన్నయ్య?"

"నీ చుట్లు నాకెందుకయ్యా? చక్కెర కోసం వచ్చా. ఆయన ఓడితే వారంపాటు మూతి ముడుచుకు కూర్చుంటాడు, భరించలేక చస్తున్నా."

"మొన్నేగా చక్కెర పట్టుకెళ్లారు?"

"టీలు తాగి తాగి పందేలకి తయారవుతున్నాడు మరి!"

ఆమె ఆ గిన్నె వంటింట్లోకి పట్టుకెళ్లి, నింపి తెచ్చింది. మర్యాదకి భర్త అందుకుని పక్కింటావిడ చేతిలో పెట్టబోయి, "అబ్బో, ఇంత బరువేంటి?" అన్నాడు.

"గడ్డకట్టింది లెండి," అంది ఆమె.

ఆదివారం, కింద బళ్లు పెట్టుకునే చోట పందెం. రెండు కార్లూ కందిరీగల్లా రయ్యిమంటూ పక్కపక్కనే పోయాయి. ఆమె పాపని గుండెకి హత్తుకుని కళ్లు మూసుకుంది. ఆఖరి మలుపులో గోల లేచింది. జానెడు తేడాతో పక్కింటాయన గెలిచాడు.

"అయ్యయ్యో!" అంది ఆమె. పాప నెత్తిన గట్టిగా ముద్దు పెట్టింది.

గెలిచిన ఊపులో పక్కింటాయనకి ఎక్కడలేని దాతృత్వం వచ్చింది. మోటారు ఊడదీసి, "ఇదుగో తమ్ముడూ, పట్టుకెళ్లి విప్పి చూసుకో. నేర్చుకోవడానికి సిగ్గెందుకు?" అని భుజం తట్టాడు.

ఇంటికి రాగానే ఆయన స్క్రూడ్రైవర్ పట్టాడు.

"ముందు రేపటికి చొక్కా ఇస్త్రీ చేసుకోండి. ఆఫీసుంది," అంది ఆమె.

"చేసుకుంటాలేవే, ఒట్టేశాగా. లోపలేం మాయ పెట్టాడో చూడనీ."

ఆమెకి ఉన్నట్టుండి చక్కెర డబ్బా మూత పెట్టలేదని గుర్తొచ్చింది. పాపనెత్తుకుని గబగబా వంటింట్లోకి నడిచింది.

మోటారు రెండు ముక్కలైంది. ఆయన ఆర్మేచరుని వెలుతురులో తిప్పి, గోటితో చుట్లు లెక్కపెట్టాడు.

"ఓర్నీ! మనకంటే ఒక్క చుట్టు తక్కువే! ఏం పనితనమే! ఎవరు చుట్టారో గానీ, ఆ చేతులకి దండం పెట్టాలి!"

వంటింట్లో చక్కెర డబ్బా మూత బిగించిన చప్పుడైంది.

తీగ చివర ఉయ్యాల ముడి ఉంది.